నీళ్ళు తాగని పరుగు

"ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారిపోయే మే నెలలో రోడ్డు మీద పది కిలోమీటర్లు పరుగెత్తడమేమిటి, పిచ్చి కాకపోతే?" ఈ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు మా వీధిలో లేరు. పాలబ్బాయి దగ్గర్నుంచి మా ఆడపడుచు దాకా అందరూ అడిగారు. మా అత్తయ్యగారైతే అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టారు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి. నీ తల రోలుకంటే గట్టిదా అమ్మాయ్?" అని.

జవాబు చెప్తాను. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. జూన్ నుంచి ఏప్రిల్ దాకా నా ఉదయాలు నావి కావు. నాలుగున్నరకి లేచి, టిఫిను, వంట, నలుగురి క్యారేజీలు ముగించుకుని ఏడున్నర బస్సు పట్టుకోవాలి. వేసవి సెలవుల్లోనే, పిల్లలు ఎనిమిదింటిదాకా ముసుగుతన్ని పడుకునే ఆ కొద్ది వారాల్లోనే, తెల్లవారుజామున ఒక గంట నాకంటూ మిగుల్తుంది. "హాయిగా చలికాలంలో పరుగెత్తొచ్చుగా" అని సలహా ఇచ్చేవాళ్ళు ఆ గంట కూడా ఇప్పిస్తే బావుణ్ణు. మగవాళ్ళు వాతావరణం చూసుకుని పరుగెత్తుతారు. నాలాంటివాళ్ళం సెలవులు చూసుకుని పరుగెత్తుతాం.

మాది విజయవాడ. ముప్పై ఆరో ఏట రక్తపరీక్ష చేయిస్తే షుగరు సరిహద్దులో ఉందన్నారు. నడవమన్నారు. స్టేడియంలో నడిచేదాన్ని. ఒకరోజు ఎందుకో ఒక చుట్టు పరుగెత్తి చూద్దామనిపించింది. నాలుగొందల మీటర్లు పూర్తయ్యేసరికి గుండె నోట్లోకొచ్చి బెంచీ మీద కూలబడ్డాను. కానీ చిన్నప్పుడు తొక్కుడుబిళ్ళ ఆటలో గెలిచిన సంతోషం లాంటిదేదో మళ్ళీ దొరికింది. మూడేళ్ళు గడిచేసరికి ప్రకాశం బ్యారేజీ మీద ఆ చివరికీ ఈ చివరికీ నాలుగుసార్లు పోయి రాగలిగేదాన్ని. ఒక బ్యాంకు ఉద్యోగిని, ఒక నర్సు, బ్లౌజులు కుట్టే ఒకావిడ, నేను. నలుగురం. చున్నీకి పిన్నీసులు పెట్టుకుని పరుగెత్తిన రోజుల నుంచి టీషర్టు, ట్రాకు ప్యాంటు దాకా మా ప్రయాణం రాస్తే అదో పెద్ద కథ. దాన్ని ఇంకోసారి చెప్పుకుందాం.

2023 మే నెల ఆఖరి ఆదివారం మా ఊళ్ళో ఒక సంస్థవాళ్ళు పది కిలోమీటర్ల పరుగు పోటీ పెట్టారు. పేరెందుకు లెండి. ఉదయం ఐదున్నరకి మొదలు అని కరపత్రంలో వేశారు. ఆ సమయం చూసే డబ్బు కట్టాం. మా ఊరి ఎండ సంగతి కొత్తగా చెప్పాలా? ఐదున్నరకి బయల్దేరితే నాలాంటిదానికి ఆరూ నలభై, ఆరూ నలభై ఐదుకి అయిపోతుంది. సూర్యుడు తలమీదికి రాకముందే ఇంటికొచ్చి పడొచ్చు.

నాలుగున్నరకే మైదానానికి చేరాం. ఐదున్నర అయింది. ముఖ్య అతిథిగారు రాలేదు. ఆరయింది. స్టేజీ మీద ఒకబ్బాయి చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టి అందర్నీ డ్యాన్సు చేయమంటున్నాడు. ఒంట్లో వేడి పెరగడానికి అదొకటి. ఆరూ యాభైకి అతిథిగారు వచ్చారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, స్త్రీశక్తి గురించి ఉపన్యాసం, బెలూన్లు. మేం పరుగు మొదలుపెట్టేసరికి ఏడూ పది. ఎండ చుర్రుమంటోంది.

ఆలస్యం సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పదల్చుకున్నది ఇంకోటి. ఆ మైదానంలో ఆడవాళ్ళకి రెండు మరుగుదొడ్లు. ఒకదానికి తాళం. రెండోదాని ముందు నలభై మంది. లెక్కల టీచర్ని కదా, నిలబడి లెక్కేశాను. మనిషికి మూడు నిమిషాలనుకున్నా నలభై మందికి రెండు గంటలు. మగవాళ్ళ బాధ లేదు, వాళ్ళకి ఊళ్ళో ఎక్కడ గోడ కనిపించినా చాలు. వరసలో నా ముందున్న అమ్మాయి, ఇంజనీరింగు చదువుతోందట, నవ్వుతూ అంది. "నేనైతే ఇలా ఉంటుందని తెలిసే రాత్రి తొమ్మిది నుంచీ నీళ్ళు తాగలేదు ఆంటీ." వెనకాల ఒకావిడ "నేనూ అంతే" అంది. నేనూ అంతే. పొద్దున్నే అరగ్లాసు కాఫీ తాగి బయల్దేరాను. నా చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఏడింటి దాకా దాని మూత తియ్యలేదు.

ఒక్కసారి ఆలోచించండి. ఎండాకాలంలో పది కిలోమీటర్లు పరుగెత్తబోయే ఆడవాళ్ళు ముందురోజు రాత్రి నుంచీ కావాలనే గొంతు ఎండబెట్టుకుని వస్తున్నాం. అదేదో తెలివైన పని అన్నట్టు ఒకరికొకరం చెప్పుకుంటున్నాం కూడా.

మూడో కిలోమీటరు దగ్గర ఒక గ్లాసు నీళ్ళు దొరికాయి. ఐదు దగ్గర అరగ్లాసు. ఏడో కిలోమీటరు దగ్గరికి వచ్చేసరికి బల్ల ఉంది, నీళ్ళు లేవు. కుర్రాళ్ళు ఖాళీ డబ్బాలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. నెమ్మదిగా వచ్చేవాళ్ళం ఇంకా వెనకాల ఉన్నామన్న ధ్యాసే లేదు. నెమ్మదిగా వచ్చేవాళ్ళే ఎక్కువసేపు ఎండలో ఉంటారు, వాళ్ళకే నీళ్ళు ఎక్కువ కావాలి. ఇది అర్థం కావడానికి లెక్కల టీచరక్కర్లేదు.

ఎనిమిది దాటాక ఒక వింత జరిగింది. అంత ఎండలో నాకు చలివేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పటిదాకా ధారగా కారిన చెమట ఆగిపోయినట్టనిపించింది. కడుపులో తిప్పింది. ఇంకెంతలే, ఒకటిన్నర కిలోమీటరేగా అనుకుని నాలుగడుగులు వేశాను. ఐదో అడుగు ఎక్కడ పడిందో తెలియలేదు.

రోడ్డు ఊడుస్తున్న ఒక పారిశుద్ధ్య కార్మికురాలు నన్ను పట్టుకుని చెట్టు నీడన కూర్చోబెట్టింది. తన సీసాలో నీళ్ళన్నీ నా తలమీద, మెడమీద పోసింది. తన కొంగు తడిపి మొహం తుడిచింది. "ఎవరు తరిమారమ్మా నిన్ను?" అంది. ఆ మాటకి నవ్వొచ్చి, నవ్వుతుంటే వాంతి అయ్యింది. కాస్త తేరుకున్నాక, "నీ నీళ్ళన్నీ నాకే పోసేశావు, నీకెట్లా?" అన్నాను. "నేను డ్యూటీ అయ్యేదాకా తాగనులే. తాగితే యాడికి బోవాల?" అంది. తెల్లవారుజామున నాలుగింటికి చీపురు పట్టిందట. పదకొండు దాకా పని. ఆ సీసా మరెందుకు తెచ్చుకున్నావంటే, మొహం కడుక్కోడానికట.

ఇంటికొచ్చాక మావారు కోప్పడ్డారు. భయంతో వచ్చిన కోపం, తప్పు పట్టను. "ఇక చాల్లే, ఈ వయసులో నీకిది అవసరమా?" అన్నారు. అత్తయ్యగారు రోలు సంగతి మళ్ళీ గుర్తుచేశారు. నేను ఆ రోజు ఏం మాట్లాడలేదు. మర్నాడు మాత్రం అడిగాను. "కిందటి వారం మినప్పిండి రుబ్బి, పదిగంటల ఎండలో డాబా మీద రెండు గంటలు వంగుని వడియాలు పెట్టాను. ఆవకాయ ముక్కలు ఆరబెట్టింది కూడా ఈ ఎండలోనే. మధ్యాహ్నం ఒంటిగంటకి పొయ్యి దగ్గర నిలబడి పూరీలు వేయిస్తే వంటింట్లో ఎంత వేడి ఉంటుందో ఎవరైనా చూశారా? అప్పుడెవరూ 'ఈ వయసులో అవసరమా' అనలేదే?" అత్తయ్యగారు కాసేపు ఊరుకుని, "వడియాలకి ఎండ కావాలి కదే" అన్నారు. నిజమే. కావాలి.

అలాగని ఎండ మనల్నేం చెయ్యదని నేను అనను. చేస్తుంది. పరుగెత్తేటప్పుడు కండరాలు పుట్టించే వేడి బయటికి పోవాలంటే చెమట పట్టడం ఒక్కటే చాలదు, ఆ చెమట ఆరాలి. మట్టికుండ చూడండి. పొడి ఎండలో కుండ నీళ్ళు చల్లగా ఉంటాయి, ఉక్కపోసిన రోజు చల్లబడవు. మన ఒళ్ళూ అంతే. మాది ఏటి ఒడ్డు ఊరు, సముద్రమూ దూరం కాదు. తెల్లవారుజామున ఎండ ఉండదు గానీ ఉక్క ఉంటుంది. ఎండెక్కేకొద్దీ ఉక్క తగ్గి ఎండ కాల్చేస్తుంది. ఎటుచూసినా ఇబ్బందే కాబట్టి, ఉన్నంతలో తెల్లవారుజామే నయం.

ఎండకి మహామహులే తలవంచారు. 2019లో ఖతార్‌లోని దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగినప్పుడు మహిళల మారథాన్‌ని సెప్టెంబరు 27న అర్ధరాత్రి పన్నెండుకి ఒక నిమిషం ముందు మొదలుపెట్టారు. ఆ అర్ధరాత్రి వేళ కూడా, ఆ ఉక్కలో 68 మంది బయల్దేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ జరిగినప్పుడు వేడికి భయపడి మారథాన్‌ని టోక్యోలోనే పెట్టలేదు, ఉత్తరాన ఉన్న సప్పొరోకి మార్చారు. అక్కడా వేడిగా ఉందని, ముందురోజు రాత్రి మహిళల పోటీని ఇంకో గంట ముందుకి జరిపి ఉదయం ఆరుకే మొదలుపెట్టారు. ఒలింపిక్స్‌వాళ్ళు ఎండకోసం ఊరే మార్చారు. మా ఊళ్ళో ముఖ్య అతిథిగారి నిద్ర మార్చలేకపోయారు.

ఇంకో కథ ఉంది. దీన్ని మా అమ్మాయి ఫోన్లో చూపించింది. ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగెత్తే అవకాశం మొదటిసారి వచ్చింది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో. ఆగస్టు నెల, ఎండాకాలం. స్విట్జర్లాండ్ తరఫున పరుగెత్తిన గాబ్రియెలా ఆండర్సన్ షీస్ చివరి నీళ్ళ బల్లని దాటేసి వచ్చేసింది. స్టేడియంలోకి వచ్చేసరికి ఒక పక్కకి ఒరిగిపోయి, తాగినదానిలా తూలుతోంది. డాక్టర్లు దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. ఇంకా చెమట పడుతోందని గమనించి వదిలేశారు. ఆఖరి చుట్టుకి ఐదు నిమిషాల పైన పట్టింది. 37వ స్థానంలో గీత దాటి పడిపోయింది. అప్పుడామెకి ముప్పై తొమ్మిదేళ్ళు. చెట్టుకింద నేను కూలబడ్డప్పుడు నా వయసూ అంతే.

ఆ వీడియో ఇప్పటికీ అందరూ చూస్తారు, "అయ్యో" అంటారు. కానీ అదే పోటీలో అదే ఎండలో జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. బయల్దేరిన 50 మందిలో 44 మంది పూర్తిచేశారు. తూలిన ఒక్కరే జనానికి గుర్తు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో కూడా ఇదే జరిగింది. మొదటిసారి ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టారు. చివర్లో కొందరు అలసి చతికిలబడితే, కూలిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆ పరుగు మళ్ళీ ఆడవాళ్ళకి దక్కింది 1960లో. మగవాళ్ళు పరుగు ముగించి నేలమీద పడిపోతే కష్టపడ్డాడంటారు, మనం పడితే మనకిది పడదంటారు. అందుకే చెట్టుకింద కూర్చున్నప్పుడు నాకు వాంతికన్నా ఎక్కువ బాధ పెట్టింది ఒకటే ఆలోచన. ఇంట్లో నలుగురూ "మేం చెప్పలా?" అంటారే అని.

వాళ్ళు చెప్పింది తప్పని ఇప్పుడు గట్టిగా అంటాను. నన్ను పడేసింది ఒక్క ఎండే కాదు. పది గంటలు నీళ్ళు లేకుండా ఉండి, గంటా నలభై నిమిషాలు నిలబెట్టించుకుని, ఆ తర్వాత ఎండలో పరుగెత్తాను. ఆ నీళ్ళు తాగకపోవడం నేను పరుగు కోసం కొత్తగా నేర్చుకున్నది కాదు. చదువుకునే రోజుల్లో మా బళ్ళో తలుపులేని మరుగుదొడ్డి ఉండేది. సాయంత్రం నాలుగింటి దాకా ఉగ్గబట్టుకోవడం మాకు పాఠ్యపుస్తకంలో లేని పాఠం. బస్సు ప్రయాణమంటే ముందురోజే నీళ్ళు బంద్. పెళ్ళిళ్ళకెళ్తే మంచినీళ్ళు వద్దని చెయ్యి అడ్డం పెడతాం. మీలో ఎంతమంది ఇలా చెయ్యరు, చెప్పండి? మూత్రంలో మంట అంటూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ మొదట అడిగేది నీళ్ళు ఎన్ని తాగుతున్నావనే. ఎందుకు తాగట్లేదని మాత్రం ఎవరూ అడగరు.

ఆ తర్వాత నేను పరుగు మానలేదు. పద్ధతి మార్చాను. సెలవులివ్వగానే మొదటి రెండు వారాలు మెల్లగా, తక్కువ దూరం. ఒంటికి వేడి అలవాటు కావడానికి దాదాపు అన్ని రోజులు పడుతుంది. బయల్దేరే ముందు రెండు గంటల వ్యవధిలో కొద్దికొద్దిగా నీళ్ళు తాగుతాను. చెమట ఎక్కువ పట్టిన రోజు ఓఆర్ఎస్ కలుపుకుంటాను. లేదంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ. అలాగని దాహం లేకపోయినా బిందెలకొద్దీ ఉత్త నీళ్ళు తాగెయ్యకూడదు, రక్తంలో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. చలివేసినా, తల తిరిగినా ఆ రోజుకి అంతే, నడిచి ఇంటికి. నెలసరికి ముందు రోజుల్లో ఒంటి వేడి మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటుంది కాబట్టి ఆ వారం ఇంకా నెమ్మది. పక్కన పరుగెత్తే మనిషి మాట తడబడుతున్నా, ఎక్కడున్నానో తెలియనట్టు చూస్తున్నా అది ఉత్త నీరసం కాదు, వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడకి చేర్చి ఒంటినిండా చల్లటి నీళ్ళు పోసి విసరాలి. తెలివిలేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

కానీ మనం ఎంత జాగ్రత్తపడ్డా, మైదానంలో మరుగుదొడ్డి లేకపోతే ఈ సలహాలన్నీ గాలికి పోతాయి. "నీళ్ళు బాగా తాగండి" అని మైకులో అరిచేవాళ్ళకి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో కూడా తెలియాలి కదా. మహిళా దినోత్సవానికి గులాబీ రంగు టీషర్టులిచ్చి మూడు కిలోమీటర్లు పరుగెత్తించే వాళ్ళనీ ఇదే అడుగుతున్నాను. ఆ టీషర్టులు మాకొద్దు. ఇంటినిండా ఉన్నాయి, మా అత్తయ్యగారు ఒకదాన్ని మసిగుడ్డ చేసేశారు కూడా. ఆ డబ్బుతో నాలుగు మొబైల్ టాయిలెట్లు తెప్పించండి. అతిథిగారు రాకపోయినా చెప్పిన వేళకి జెండా ఊపండి. శాలువాలు చివర్లో కప్పుకోవచ్చు. ఆఖరి మనిషి గీత దాటేదాకా నీళ్ళ బల్లలు తియ్యకండి. రోడ్డు పక్కన పెట్టిన టాయిలెట్లని మర్నాటి దాకా ఉంచితే ఊడ్చేవాళ్ళకీ పనికొస్తాయి.

ఇవేం గొంతెమ్మ కోరికలు కావు. అయినా అడగాలంటే మనకి సిగ్గు. ఆ మాట పైకి అనడానికి నాకే రెండేళ్ళు పట్టింది. ఇదిగో, ఇప్పుడు ఈ పేజీలో రాస్తుంటే కూడా మా స్కూల్లో మాస్టార్లు చదువుతారేమోనని ఒక పక్క బెరుగ్గానే ఉంది. చదవనివ్వండి.

మొన్న ఇంకో పోటీ కరపత్రం వచ్చింది. మళ్ళీ మే నెలే. ఈసారి డబ్బు కట్టేముందు దాని మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో కుర్రాడు ఎత్తాడు. "ఎన్నింటికి మొదలు బాబూ?" అంటే ఐదుకన్నాడు. "ముఖ్య అతిథి రాకపోతే?" అన్నాను. నవ్వాడు. "ఆడవాళ్ళకి మరుగుదొడ్లు ఎన్ని?" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. "ఇంతవరకూ ఎవరూ అడగలేదు మేడం" అని, ఎవర్నో కనుక్కొచ్చి, మూడన్నాడు. ఆడవాళ్ళెంతమంది పేరిచ్చారంటే మూడొందలు దాటారట. "మూడొందల్ని మూడుతో భాగించి, మనిషికి మూడు నిమిషాలు వేసుకో" అన్నాను. వేసుకున్నట్టున్నాడు. "ఐదు గంటలు, మేడం" అన్నాడు మెల్లగా. మా సార్‌తో మాట్లాడి చెప్తానన్నాడు. ఇంకా ఫోన్ రాలేదు. మా నలుగురం డబ్బు కట్టలేదు. బుధవారం దాకా గడువుంది.